అందరికీ ఉన్నదేగా!

ఎండోస్కోపీ రిపోర్టు పట్టుకుని ఆస్పత్రి నుంచి వచ్చిన మనిషికి మన ఊళ్లలో మూడు మాటలు వినపడతాయి. ఒకటి ఇంట్లో: "కారం తగ్గించమంటే విన్నావా?" రెండోది మెడికల్ షాపులో: "ఏం లేదు బాబాయ్, గ్యాసే. పరగడుపున ఇదొకటి వేసుకో." మూడోది కాస్త చదువుకున్నవాళ్లది. రిపోర్టులో 'హెచ్. పైలోరీ పాజిటివ్' అన్న ముక్క చూసి వాళ్లు తాపీగా అంటారు: "ఆ బాక్టీరియా మన దేశంలో సగం మంది కడుపుల్లో ఉంది. అందరికీ ఉన్నదేగా! దానికి మందులెందుకు?" మొదటి రెండు మాటలనూ అమాయకత్వం కింద వదిలేయొచ్చు. మూడోదాన్ని వదలకూడదు, ఎందుకంటే దానికి సైన్సు చొక్కా తొడిగి ఉంది. కొందరు డాక్టర్ల నోటా అదే మాట వస్తోంది. నా తగాదా ముఖ్యంగా దానితోనే. మిగతా రెండింటినీ దారిలో పలకరించి పోతాను.

ముందు మిరపకాయ సంగతి తేల్చేద్దాం, అది మనకు ఇంటి గొడవ. మిరపకాయ పోర్చుగీసువాళ్ల వెంట మన దేశానికి వచ్చి అయిదు వందల ఏళ్లయింది, అంతే. హెలికోబ్యాక్టర్ పైలోరీ అలా నిన్నమొన్న దిగిన చుట్టం కాదు. మనిషి ఆఫ్రికా వదిలి బయలుదేరినప్పుడే, దాదాపు 60 వేల ఏళ్ల కిందట, అతని పొట్టలో కూర్చుని అదీ బయలుదేరింది. 1991లో ఆల్ప్స్ మంచులోంచి 'ఓట్జీ' అనే మనిషి శవం బయటపడింది. వయసు 5,300 ఏళ్లు. అతని కడుపులో మిగిలిన ఈ క్రిమి జన్యువులను శాస్త్రవేత్తలు చదివి 2016లో ప్రకటించారు. చిత్రమేమిటంటే, ఆ రకం ఇవాళ్టి యూరప్ రకంకన్నా మధ్య, దక్షిణాసియాల్లో కనిపించే రకానికే దగ్గర. ఓట్జీ గుంటూరు కారం ఎరగడు. పుండు మీద కారం పడితే మండుతుంది, కాదనను. మండించేది వేరు, పుండు పెట్టేది వేరు. ఊరగాయ జాడీలో ఎవరినైనా నిలదీయాల్సి వస్తే కారాన్ని కాదు, ఉప్పును నిలదీయాలి. ఉప్పులో ఊరిన తిండి ఎక్కువైతే కడుపు పొర దెబ్బతిని ఈ క్రిమి పని సులువవుతుందనడానికి గట్టి ఆధారాలే ఉన్నాయి. అయినా మన ఇళ్లలో తిట్లన్నీ మిరపకాయకే.

ఇక గ్యాసు. 1980ల దాకా వైద్య గ్రంథాలు కూడా మెడికల్ షాపు భాషే మాట్లాడేవి. కడుపులో ఆమ్లం ఎక్కువై పుండు పడుతుంది, కంగారు మనుషులకు మరీను, ఆమ్లం తగ్గించే మాత్ర బతికినన్నాళ్లూ మింగాలి, లొంగకపోతే కడుపు కోసి కొంత తీసేయాలి. అంత ఘాటు ఆమ్లంలో ఏ క్రిమీ బతకదని అప్పటివాళ్ల ధీమా. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్ అనే పాథాలజిస్టు 1979 నుంచీ బయాప్సీ ముక్కల్లో మెలి తిరిగిన బాక్టీరియాను చూస్తున్నాడు. చెబితే నమ్మేవాడు లేడు. బారీ మార్షల్ అనే కుర్ర డాక్టరు ఒక్కడు ఆయనతో కలిశాడు. ల్యాబ్‌లో పెంచుదామంటే క్రిమి పెరగదు. రెండు రోజులు చూసి పళ్లేలు పారేయడం అక్కడి అలవాటు. 1982లో ఈస్టర్ సెలవులు అడ్డొచ్చి పళ్లేలు మామూలుకన్నా ఎక్కువ రోజులు ఉండిపోయాయి. వచ్చి చూస్తే పెరిగి ఉంది! 1984లో మార్షల్ ఆ క్రిములు కలిపిన ద్రవాన్ని తానే తాగేశాడు. వారం తిరిగేసరికి వాంతులు పట్టుకున్నాయి. ఎండోస్కోపీలో కడుపు పొర వాచి కనిపించింది. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఆమ్లంలో అది బతికే కిటుకు రైతుకు చెబితే ఇట్టే అర్థమవుతుంది. తడి నేల మీద యూరియా చల్లి కలియబెట్టకపోతే ఘాటుగా అమ్మోనియా లేస్తుంది కదా, ఈ క్రిమి మన కడుపులోని యూరియాను విరిచి అదే అమ్మోనియాను తన చుట్టూ కప్పుకుని ఆమ్లాన్ని చంపుకుంటుంది.

ఈ కథ చాలామందికి తెలుసు. తెలియడమే చిక్కు తెచ్చింది. "ఓహో, అల్సర్ క్రిమి" అని దానికో పేరు పెట్టి అక్కడితో ఆగిపోయాం. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం దీన్ని మొదటి తరగతి క్యాన్సర్ కారకమని ప్రకటించింది. పొగాకు ఉన్నదీ ఆ తరగతిలోనే. అప్పటికి ఏ బాక్టీరియాకూ ఆ తరగతిలో చోటు దక్కలేదు. ముప్పై ఏళ్లు దాటాయి. మనవాళ్లు పుండు ముక్కను ఒప్పుకున్నారు, క్యాన్సర్ ముక్క మాత్రం గొంతు దిగడం లేదు.

దిగకపోవడానికి ఆధారాల కొరత కారణం కాదు. జపాన్‌లో ఉయెమురా బృందం కడుపు బాధలున్న 1,526 మందిని సగటున 7.8 ఏళ్ల పాటు ఎండోస్కోపీతో చూస్తూ వచ్చింది. 1,246 మందిలో క్రిమి ఉంది, 280 మందిలో లేదు. ఉన్నవాళ్లలో 36 మందికి కడుపు క్యాన్సర్ వచ్చింది. లేనివాళ్లలో ఒక్కరికీ రాలేదు. 2001లో అచ్చయిన ఈ లెక్కను పక్కన పెట్టుకుని 'అందరికీ ఉన్నదేగా' అనడానికి గుండె కావాలి. క్రిమి నడిచే దారి కూడా తెలుసు. పెలాయో కొరియా అనే కొలంబియా పాథాలజిస్టు క్రిమి పేరు లోకానికి తెలియకముందే, 1970ల్లో, ఆ మెట్లు గీసిపెట్టాడు. ఏళ్ల తరబడి వాపు, ఆ వాపుకు ఆమ్లం ఊరే గ్రంథులు ఎండిపోవడం, ఎండినచోట పేగు పొర లాంటి పొర మొలవడం, ఆ కణాలు రూపు చెడటం, ఆఖరి మెట్టు క్యాన్సర్. దశాబ్దాల నడక ఇది, పదేళ్ల పిల్లాడిగా ఉన్నప్పుడు మొదలై అరవైలో తేలుతుంది. క్రిమిలో కొన్ని రకాలు సూది లాంటి సాధనంతో కాగ్-ఏ అనే ప్రోటీన్‌ను మన కణంలోకే గుచ్చి, ఆ కణం అదుపు తప్పి పెరిగేలా చేస్తాయి. ఇంకా అనుమానం ఉన్నవాళ్లకు 1993లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఆరుగురు రోగుల సంగతి చెప్పాలి. వాళ్లది కడుపు పొరలో పుట్టే మాల్ట్ లింఫోమా, అదీ క్యాన్సరే. కీమో ఇవ్వలేదు, కరెంటు పెట్టలేదు. హెలికోబ్యాక్టర్‌ను చంపే యాంటీబయాటిక్స్ ఇచ్చారు. అయిదుగురిలో గడ్డ కరిగిపోయింది. ఇవాళ తొలిదశలో ఉన్న ఆ జబ్బుకు మొదట రాసేది ఆ మాత్రలే.

ఇప్పుడు అసలు ప్రత్యర్థి దగ్గరికి వస్తాను. "మీరు చెప్పేది జపాన్ సంగతి. మన దేశంలో క్రిమి ఎక్కువ, కడుపు క్యాన్సర్ తక్కువ. దీన్నే 'ఇండియన్ ఎనిగ్మా' అంటారు. కాబట్టి మనకు ప్రమాదం లేదు." ఎనిగ్మా అంటే విడిపోని చిక్కుముడి. చిక్కుముడిని చూపించి అదే జవాబంటే ఎలా?

ఇలాంటి చిక్కుముడే కొలంబియాలోని నరీన్యో ప్రాంతంలోనూ ఉంది. పసిఫిక్ తీరాన తుమాకో, ఆండీస్ కొండల మీద తుకెర్రెస్. రెండూళ్లకూ మధ్య దూరం రెండొందల కిలోమీటర్లే. రెండుచోట్లా పెద్దవాళ్లలో పదికి తొమ్మిదిమంది కడుపుల్లో క్రిమి ఉంది. క్యాన్సర్ మాత్రం కొండల మీద పాతిక రెట్లు ఎక్కువ. తీరంలో ఉన్నవాళ్లు ఎక్కువగా ఆఫ్రికా మూలాలవాళ్లు, వాళ్ల కడుపుల్లోని క్రిమిదీ ఆ వంశమే. కొండవాళ్లు అమెరికా ఆదివాసుల సంతతి, క్రిమి మాత్రం యూరప్ నుంచి వచ్చినది. వేల ఏళ్లు కలిసి కాపురం చేసిన జంటకూ, బలవంతాన ముడిపడిన జంటకూ ఉన్న తేడా అన్నమాట. మన సంగతి? హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీ శాస్త్రవేత్తలు 2007లో భారతీయుల నుంచి తీసిన హెలికోబ్యాక్టర్ వంశవృక్షం గీసి, దాని వేళ్లు యూరప్ రకాల వైపు ఉన్నాయని చూపారు. జపాన్, కొరియాల్లోని రకంలో కాగ్-ఏ మరింత దుర్మార్గం. మనకు క్యాన్సర్ తక్కువ కావడానికి ఇదొక కారణం కావచ్చు. క్రిమి కడుపులో ఏ మూల కాపురం పెట్టిందన్నది ఇంకో కారణం. కింది భాగంలో ఉంటే ఆమ్లం పెరిగి చిన్నపేగు మొదట్లో పుండు పడుతుంది. పైభాగమంతా ఎండగొడితే క్యాన్సర్ దారి తెరుచుకుంటుంది. ఉయెమురా చూసినవాళ్లలో చిన్నపేగు పుండున్న 275 మందిలో ఒక్కరికీ క్యాన్సర్ రాలేదు. మన దగ్గర ఎక్కువ కనిపించింది మొదటి రకం. ఇవన్నీ కారణాలే. కారణాలున్నాయంటే ఎవరికి ప్రమాదమో, ఎవరికి కాదో వెదకాలని అర్థం. ఎవరికీ లేదని కాదు.

పైగా 'మన దేశం' అన్న సగటు కింద ఎంత దాగిందో చూడండి. మిజోరంలోని ఐజ్వాల్ జిల్లాలో కడుపు క్యాన్సర్ రేటు దేశం మొత్తంలోనే అత్యధికం. పొగబెట్టిన మాంసం, పొగాకు అక్కడ క్రిమికి తోడయ్యాయి. ఉత్తరాదితో పోలిస్తే దక్షిణాదిలో ఈ జబ్బు ఎక్కువ. చెన్నైలో మగవాళ్లకు వచ్చే క్యాన్సర్లలో ఇది ఏళ్లుగా ముందు వరసలో ఉంది. దేశంలో ఏటా అరవై వేల పైచిలుకు కొత్త కేసులు, దాదాపు అన్ని మరణాలు. రెండంకెలూ అంత దగ్గరగా ఉన్నాయంటే, మనిషి ఆస్పత్రికి చేరేసరికే పొద్దుపోయిందన్నమాట.

"వందలో ఇద్దరు ముగ్గురికేగా వచ్చేది" అన్న వాదన కూడా ఇదే తానులో ముక్క. బీడీ కాల్చేవాళ్లలోనూ ఎక్కువమందికి ఊపిరితిత్తుల క్యాన్సర్ రాదు. బీడీ మంచిదని ఎవరన్నా అన్నారా? సగం జనాభాలో ఉన్న క్రిమికి వందలో ఇద్దరు ముగ్గురంటే ఎంతమందో వేళ్ల మీద లెక్క కట్టలేం. 2018లో ప్రపంచమంతటా అంటు క్రిముల వల్ల వచ్చిన క్యాన్సర్లు 22 లక్షలని అంచనా. అందులో 8 లక్షల 10 వేలు ఈ ఒక్క బాక్టీరియా పద్దులోవి. టీకాల ప్రచారంతో అందరికీ పేరు తెలిసిన హెచ్‌పీవీ వైరస్ 6 లక్షల 90 వేలతో దీని వెనకే ఉంది. 2008-2017 మధ్య పుట్టిన పిల్లల్లో, పద్ధతి ఇలాగే సాగితే, 1 కోటి 56 లక్షల మందికి జీవితంలో ఎప్పుడో కడుపు క్యాన్సర్ వస్తుందనీ, అందులో 76 శాతానికి ఈ క్రిమే మూలమనీ 2025లో వచ్చిన అంచనా. వాళ్లలో పెద్ద వాటా చైనా, భారత్‌లదే. ఎనిగ్మా మనల్ని కాపాడుతుందని ఆ అంచనా వేసినవాళ్లకెవరూ చెప్పినట్టు లేదు.

క్రిమిని చంపితే ఫలితం ఉందా అన్నదొక్కటే న్యాయమైన ప్రశ్న. చైనాలో షాన్‌డాంగ్ రాష్ట్రపు లిన్‌చూ అనే పల్లె ప్రాంతంలో 1995లో మూడు వేల పైచిలుకు మందిని తీసుకుని, క్రిమి ఉన్నవాళ్లలో కొందరికి చీటీలు తీసినట్టు ఎంచి రెండే వారాలు మందు ఇచ్చారు, మిగతావాళ్లకు ఉత్తుత్తి మాత్రలు. పదిహేనేళ్లకు చూస్తే మందు పడినవాళ్లలో క్యాన్సర్ 39 శాతం తక్కువ. ఇరవై రెండేళ్లకు 52 శాతం. ఎప్పుడో మింగిన రెండు వారాల మాత్రలు! తైవాన్ పాలనలోని మాత్సు దీవుల్లో 2004 నుంచి జనమందరికీ పరీక్షలు, మందులు ఇచ్చుకుంటూ పోతే క్రిమి 64 శాతం నుంచి 15 శాతానికి పడిపోయింది, క్యాన్సర్ సగానికి తగ్గింది. ఎదుటి పక్షానికి పనికొచ్చే ఫలితమూ ఒకటుంది, దాచను. చైనాలోనే ఫుజియన్‌లో చేసి 2004లో ప్రకటించిన పరిశోధనలో మందు తిన్నవాళ్లకూ తిననివాళ్లకూ మొత్తం మీద చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కానీ అప్పటికింకా పొర చెడని వాళ్లను వేరుచేసి చూస్తే, మందు తిన్నవాళ్లలో సున్నా, తిననివాళ్లలో ఆరుగురు. పెలాయో కొరియా చెప్పిన మెట్లలో పైకెక్కాక మందు అంతగా పనిచేయదు, కింది మెట్టు మీదే పట్టుకోవాలి.

సరిగ్గా ఆ కింది మెట్టు మీద మనం చేసేది గ్యాస్ మాత్ర మింగడం. పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ వంటి వాటితో మంట ఆరుతుంది. క్రిమి చావదు. తలుపు చప్పుడు వినపడకుండా చెవిలో దూది పెట్టుకున్నట్టు. అంతకన్నా మోసం ఒకటుంది: ఈ మాత్రలు వాడుతుండగా పరీక్ష చేస్తే క్రిమి తలవంచుకుని ఉంటుంది, ఉన్నా లేనట్టు రిపోర్టు వస్తుంది. 1996లో నెదర్లాండ్స్, స్వీడన్ రోగులపై వచ్చిన ఒక పరిశోధన మరీ కలవరపెట్టేది. క్రిమిని ఉంచుకుని ఏళ్ల తరబడి ఒమెప్రజోల్ వాడినవాళ్లలో వాపు కడుపు పైభాగానికి పాకి గ్రంథులు ఎండటం కనిపించింది. దీర్ఘకాలం ఈ మాత్ర వాడాల్సినవాళ్లకు ముందు క్రిమిని వదిలించమని ఆ తర్వాత వైద్య మార్గదర్శకాలు చెప్పాయి. మన దగ్గర చీటీ లేకుండా పదేళ్లు మింగేవాళ్లకు ఆ సంగతి చెప్పేదెవరు?

కడుపును వదిలి కిందికి వెళ్లినా కథ ఇదే. టైఫాయిడ్ తగ్గాక కొద్దిమందిలో సాల్మొనెల్లా క్రిమి పిత్తాశయంలో, ముఖ్యంగా రాళ్ల మీద, పాచిలా పట్టుకుని ఏళ్లూపూళ్లూ ఉండిపోతుంది. 1964లో స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో డబ్బా మాంసం వల్ల వందలమందికి టైఫాయిడ్ వచ్చింది. వాళ్లలో కోలుకున్నవాళ్లనూ, వేరే చోట్ల క్రిమిని మోస్తూ మిగిలినవాళ్లనూ పరిశోధకులు మూడు దశాబ్దాల తర్వాత పోల్చారు. జ్వరం వచ్చి పోయినవాళ్లకు ఏమీ కాలేదు, క్రిమిని మోసినవాళ్లలో పిత్తాశయ క్యాన్సర్ ఎన్నో రెట్లు పెరిగింది. గంగా మైదానంలో ఆ క్యాన్సర్ ఎక్కువ కావడం వెనక ఈ క్రిమి చేయి ఉందన్న అనుమానం బలంగా ఉంది. పెద్దపేగు సంగతి ఇంకా తేలుతోంది. ఈ.కోలీలో కొన్ని రకాలు చేసే కొలిబాక్టిన్ అనే విషం డీఎన్ఏ మీద వదిలే గుర్తులు, డెబ్బై దాటిన రోగులకన్నా నలభై లోపు రోగుల గడ్డల్లో మూడు రెట్లకు పైగా ఎక్కువగా కనిపించాయని 2025లో తేలింది. దీన్ని చూపి పేగు శుద్ధి పొడులు అమ్మేవాళ్లు అప్పుడే బయలుదేరారు. వాళ్లను నమ్మమని నేను చెప్పడం లేదు.

క్రిమి వల్ల వస్తుందంటే క్యాన్సర్ అంటుకుంటుందని కాదు. రోగికి కంచం వేరు పెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి కనుక ఈ ముక్క విడిగా చెబుతున్నాను. అంటేది క్రిమి, అదీ ఎక్కువగా చిన్నతనంలో, ఇంట్లోనే, నోటి నుంచి నోటికి, చెడ్డ నీళ్లతో. గడ్డ అంటదు.

ఇంత చెప్పాక, ఊరందరికీ రేపే యాంటీబయాటిక్స్ పంచమంటానా? అనను. మెట్రోనిడజోల్‌కు మన దగ్గర క్రిమి చాలా చోట్ల మొండికేసింది, క్లారిత్రోమైసిన్ కూడా ఆ దారిలోనే ఉంది. అమెరికా వైద్యుడు మార్టిన్ బ్లేజర్ ఈ క్రిమి అన్నవాహిక జబ్బుల నుంచీ, పిల్లల ఆస్తమా నుంచీ కాపాడుతుందేమోనని ఏళ్లుగా వాదిస్తున్నాడు. తేలిగ్గా తీసేయదగ్గ వాదన కాదు. కానీ అది పసిపిల్లల జోలికి పోవద్దనడానికి పనికొస్తుంది గానీ, తండ్రిని కడుపు క్యాన్సర్‌తో పోగొట్టుకున్న నలభై ఏళ్ల మనిషిని ఇంటికి పంపేయడానికి కాదు. దక్షిణ కొరియాలో సరిగ్గా అలాంటివాళ్లనే, అంటే తల్లిదండ్రులకో తోబుట్టువులకో ఈ క్యాన్సర్ వచ్చినవాళ్లనే, తీసుకుని చూశారు. 2020లో వచ్చిన ఫలితాల్లో, తొమ్మిదేళ్లకు పైగా గమనించాక, మందు తిన్నవాళ్లలో 1.2 శాతానికి, ఉత్తుత్తి మాత్రలు తిన్నవాళ్లలో 2.7 శాతానికి క్యాన్సర్ వచ్చింది.

పరీక్షకు పెద్ద ఆర్భాటం అక్కర్లేదు. యూరియా కలిపిన మందు మింగి గొట్టంలోకి ఊదాలి. క్రిమి ఉంటే యూరియాను విరిచిన ఆనవాలు శ్వాసలో దొరుకుతుంది. గ్యాస్ మాత్ర రెండు వారాల ముందూ, యాంటీబయాటిక్స్ నాలుగు వారాల ముందూ ఆపాలి. మంటకు ఈలోగా సిరప్ తాగొచ్చు. రక్తపరీక్షతో సరిపెట్టుకోకూడదు, పోయిన క్రిమిని కూడా అది ఉన్నట్టే చూపిస్తుంది. మందు సాధారణంగా పద్నాలుగు రోజులు. బిస్మత్ ఉంటే మలం నల్లగా వస్తుంది, నోరంతా చేదు. అయిదో రోజుకు మంట తగ్గిందని ఆపేసేవాళ్లే ఎక్కువ, మొండి క్రిములను తయారుచేసేదీ వాళ్లే. కోర్సు అయిన నెలకు మళ్లీ ఊది చూసుకోవాలి.

ఇంట్లో ఒకరు కడుపు క్యాన్సర్‌తో పోతే మనవాళ్లు పెద్దకర్మ దాకా అన్నీ పద్ధతిగా జరిపిస్తారు. అమెరికాలో ఉన్న కొడుకూ దిగుతాడు, అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ అన్ని రోజులూ ఒకే కప్పు కింద ఉంటారు. ఎవరికి కడుపులో మంటో, ఎవరు ఏ గోలీ వేసుకుంటారో ఆ రాత్రుళ్లు మాటల్లోకి వస్తూనే ఉంటుంది. ఆ పదకొండు రోజుల్లో ఒక పూట అందరూ కలిసి వెళ్లి ఆ గొట్టంలోకి ఊదివచ్చిన ఇల్లు నేనింతవరకు చూడలేదు.